తుప్పు పట్టని పదార్థం చెడేదెలా?
ఆమ్ల, క్షార, లవణాల ముందు ఇంజనీరింగ్ ప్లాస్టిక్కులు

కువైట్ నగరానికి దక్షిణాన, ముబారక్ అల్ కబీర్ గవర్నరేటులో, సబా అల్ సలేం అనే నివాస ప్రాంతం ఉంది. 1965 నుంచి 1977 వరకు ఆ దేశాన్ని పాలించిన అమీరు పేరే దానికి పెట్టారు. కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి కువైట్ చేరిన మనవారికి ఇలాంటి పేటలు కొత్తవి కావు. అక్కడ ఏ ఇంట్లో కుళాయి తిప్పినా వచ్చే మంచినీటిలో అత్యధిక భాగం సముద్రం నుంచి వచ్చినదే. కువైట్‌కు నదులు లేవు. పూర్వం షత్ అల్ అరబ్ నుంచి పడవలలో నీరు తెచ్చుకున్న ఆ దేశం 1953లో రోజుకు పది లక్షల ఇంపీరియల్ గ్యాలన్ల మంచినీటిని తీసే నిర్లవణీకరణ కర్మాగారాన్ని ఆరంభించింది. ఆ తరువాత షువైఖ్, దోహా, అజ్ జౌర్, సబియా కేంద్రాలు దేశపు దాహాన్ని తీరుస్తూ వచ్చాయి.

ఆ నీటి ప్రయాణాన్ని రసాయన శాస్త్రం వైపు నుంచి చూస్తే అది వరుసగా ఎదురయ్యే పరీక్షలా కనిపిస్తుంది. మొదట, లీటరుకు 40 గ్రాములకు పైగా ఉప్పున్న గల్ఫ్ నీరు. గొట్టాలలో నాచు, ఆల్చిప్పలు పెరగకుండా అందులో కలిపే క్లోరిన్. పేరుకున్న సున్నపు పొరను కరిగించే ఆమ్లం. జిగురును, సేంద్రియ మలినాలను కడిగే క్షారం. మంచినీరు తయారైన తరువాత సూక్ష్మజీవుల నివారణకు మళ్ళీ కొంత క్లోరిన్. చివరికి ఎండలో కాగే మేడమీది ట్యాంకు. ఇనుము తేలికగా తట్టుకోలేని ఈ దారిలో ఎన్నోచోట్ల ప్లాస్టిక్ కుదురుకుంది. తుప్పు పట్టదన్నదే అందుకు ప్రధాన కారణం.

ఆ మాట నిజమే. అయితే తుప్పు పట్టని వస్తువు చెడదని దాని అర్థం కాదు. ఏ ప్లాస్టిక్ ఏ రసాయనానికి లొంగుతుందో దాని ధర చెప్పదు, గట్టిదనమూ చెప్పదు. దాని అణుశృంఖలలో ఎలాంటి బంధం ఉందో, ఎదురైన రసాయనం ఆ బంధాన్ని తెంచగలదో లేదో చూడాలి. ఆ పైన ఎంత గాఢతలో, ఎంత వేడిలో, ఎంత బిగువులో, ఎంతకాలం అన్నవి కలుస్తాయి. ఈ వ్యాసం ఆ లెక్కను వివరించే ప్రయత్నం.

లోహం చెడే తీరు, ప్లాస్టిక్ చెడే తీరు

ఇనుము తుప్పు పట్టడం విద్యుద్రసాయన చర్య. లోహపు పరమాణువు ఎలక్ట్రాన్లను వదులుకుని అయానుగా మారుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా ప్రవహించి మరొకచోట ఆక్సిజన్‌తో చర్య జరుపుతాయి. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఈ పని వేగంగా సాగుతుంది. ప్లాస్టిక్‌లో ఇలా స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేవు. అందుకే ఉప్పునీటిలో ఏళ్ళ తరబడి ఉన్నా పాలిథిలీన్ గొట్టానికి తుప్పన్నది ఉండదు.

ప్లాస్టిక్ చెడడానికి ప్రధానంగా మూడు దారులున్నాయి. మొదటిది ఉబ్బడం. ద్రవపు అణువులు శృంఖలల మధ్యకు చొరబడి వాటిని ఎడం చేస్తాయి. వస్తువు మెత్తబడుతుంది, కొలతలు మారుతాయి, ఒక్కోసారి పూర్తిగా కరిగిపోతుంది. రెండవది శృంఖల తెగడం. ఆమ్లమో, క్షారమో, వేడినీరో బంధాన్ని జలవిశ్లేషణ ద్వారా విడగొట్టవచ్చు. క్లోరిన్, నైట్రిక్ ఆమ్లం వంటివి ఆక్సీకరణం ద్వారా తెంచవచ్చు. మూడవది బిగువు మీద పగలడం. ఇందులో రసాయన చర్య ఏమీ జరగకపోవచ్చు. లోపల బిగువుతో ఉన్న భాగానికి ఒక ద్రవం తగిలితే, ఆ బిగువు ఒక్కటే ఉన్నప్పుడు రాని పగులు వస్తుంది.

ఈ మూడింటికీ చికిత్సలు వేరు. అందుకే చెడిన భాగాన్ని చూసి నాణ్యత లేని ప్లాస్టిక్ అని తేల్చేస్తే అసలు కారణం తెలియకుండానే పోతుంది. దాని స్థానంలో అదే జాతికి చెందిన, ఎక్కువ ఖరీదైన భాగాన్ని బిగిస్తే అదీ అలాగే చెడుతుంది.

బంధాన్ని బట్టి బలం

పాలిథిలీన్, పాలిప్రొపిలీన్‌ల వెన్నెముకలో కార్బన్–కార్బన్ బంధాలే ఉంటాయి. నీరు, సాధారణ ఆమ్లాలు, క్షారాలు పట్టుకోవడానికి అక్కడ ఆధారమేమీ దొరకదు. గాజును తినేసే హైడ్రోఫ్లోరిక్ ఆమ్లాన్ని పాలిథిలీన్ సీసాలో భద్రపరుస్తారు. కారు బ్యాటరీలోని సల్ఫ్యూరిక్ ఆమ్లాన్ని పాలిప్రొపిలీన్ పెట్టె ఏళ్ళపాటు మోస్తుంది. ఇంజనీర్లు చవకరకంగా లెక్కవేసే ఈ ప్లాస్టిక్కులు ఆమ్ల క్షారాల విషయంలో అనేక ఖరీదైన వాటిని మించుతాయి. గాఢ నైట్రిక్ ఆమ్లం వంటి ఆక్సీకరణ కారకాల ముందు మాత్రం ఇవి నిలవవు. పాలిప్రొపిలీన్ శృంఖలలో మూడు కార్బన్లతో ముడిపడిన కార్బన్ పదేపదే వస్తుంది. ఆక్సీకరణం మొదలయ్యేది అక్కడే కనుక ఈ విషయంలో అది పాలిథిలీన్ కన్న బలహీనం.

నైలాన్ సంగతి వేరు. గేర్లకు, బేరింగులకు, తాళ్ళకు వాడే ఈ గట్టి పదార్థపు శృంఖలను అమైడ్ బంధాలు కలుపుతాయి. క్షారాలను అది చాలావరకు తట్టుకుంటుంది. బలమైన ఆమ్లం అమైడ్ బంధాన్ని విడగొడుతుంది. ఫార్మిక్ ఆమ్లంలోనైతే నైలాన్ గది ఉష్ణోగ్రత వద్దే కరుగుతుంది. మామూలు నీటిని కూడా నైలాన్ 6 తన బరువులో దాదాపు పదో వంతు వరకు పీల్చుకోగలదు. పొడిగా ఉన్నప్పుడు సరిపోయిన భాగం తడిసి ఉబ్బి పట్టేయడం అందువల్లనే.

పాలియెస్టర్లలో ఎస్టర్ బంధం ఉంటుంది. దానికి శత్రువు క్షారం. ఈ బలహీనతను వస్త్ర పరిశ్రమ పనికి పెట్టుకుంది. పాలియెస్టర్ బట్టను వేడి కాస్టిక్ సోడా ద్రావణంలో ఉంచి దారపు ఉపరితలాన్ని కొద్దిగా తినిపిస్తారు. దారం సన్నబడి బట్ట పట్టులా జాలువారుతుంది. చీర మెత్తదనానికి తోడ్పడిన చర్యే ఒక పంపు భాగంలో జరిగితే మనం దాన్ని వైఫల్యం అంటాము.

పాలీకార్బొనేట్ అద్దంలా పారదర్శకం, సుత్తిదెబ్బను తట్టుకునేంత దృఢం. దాని కార్బొనేట్ బంధాన్ని క్షారాలు, అమ్మోనియా, అమైన్లు విడగొడతాయి. ఈ విషయం ఒక ప్రయోగశాలలో అనుకోకుండా బయటపడిన తీరు ప్రసిద్ధం. 1998లో అమెరికాలోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో ప్యాట్రీషియా హంట్ అనే జన్యుశాస్త్రవేత్త ఆడ ఎలుకల అండాలను పరిశీలిస్తున్నారు. సాధారణంగా ఒకటి రెండు శాతంలో కనిపించే క్రోమోజోముల అమరిక లోపం అకస్మాత్తుగా 40 శాతానికి చేరింది. కారణం వెతకగా, పాలీకార్బొనేట్ పంజరాలను, నీటి సీసాలను పొరపాటున తీవ్ర క్షారగుణమున్న డిటర్జెంటుతో కడిగారని తేలింది. ప్లాస్టిక్ విడిపోయి బిస్ఫినాల్ ఏ అనే మూలపదార్థం బయటికి వచ్చింది. ఈ పరిశోధన 2003లో ప్రచురితమై ఆ పదార్థంపై ప్రపంచవ్యాప్త చర్చకు ఊతమిచ్చింది. ఆ పంజరాలను ఆమ్లగుణమున్న తేలికపాటి ద్రావణంతో కడిగి ఉంటే ఇంతదూరం వచ్చేది కాదు.

ఫ్లోరిన్ కలిసిన ప్లాస్టిక్కులది ప్రత్యేక స్థానం. 1938 ఏప్రిల్ 6న డ్యుపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ చేతికి చిక్కిన టెఫ్లాన్‌లో కార్బన్ వెన్నెముకను ఫ్లోరిన్ పరమాణువులు అన్ని వైపులా కప్పి ఉంచుతాయి. కరిగిన సోడియం వంటి క్షారలోహాలు, తీవ్ర పరిస్థితులలో ఫ్లోరిన్ వంటివి తప్ప దాన్ని కదిలించేవి అరుదు. ఫ్లోరిన్ ఉంది కదా అని అన్నింటినీ ఒకే గాటన కట్టరాదు. దాని బంధువైన పీవీడీఎఫ్ ఆమ్లాలకు, క్లోరిన్‌కు బాగా నిలుస్తుంది గాని గాఢ క్షారంలో రంగు మారి పగుళ్ళు బారుతుంది. ఎంతో ఖరీదైన పీక్ అనే ప్లాస్టిక్ దాదాపు అన్నింటినీ తట్టుకుని, గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో మాత్రం కరిగిపోతుంది. అదే ఆమ్లం కొంత నీరు కలిసిన రూపంలో చవకైన పాలిప్రొపిలీన్ పెట్టెలో నిశ్చింతగా ఉంటుందని పైన చూశాము.

అన్ని లవణాలూ ఉప్పు కావు

రసాయన నిరోధక పట్టికలలో లవణాల వరుస సాధారణంగా నిర్భయంగా కనిపిస్తుంది. సోడియం క్లోరైడ్, అంటే మన ఉప్పు, దాదాపు ఏ ప్లాస్టిక్‌నూ ఏమీ చేయదు. కువైట్ తీరపు ఉప్పునేలలలో ఇనుప గొట్టానికి పూత, విద్యుత్ రక్షణ అవసరమైతే పాలిథిలీన్ గొట్టానికి వాటి అవసరం రాదు.

ఈ భరోసాకు రెండు మినహాయింపులు గుర్తుంచుకోవాలి. మొదటిది నైలాన్. జింక్ క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ ద్రావణాలు బిగువులో ఉన్న నైలాన్ 6, నైలాన్ 66 భాగాలను పగలగొడతాయి. చలిదేశాలలో మంచు కరగడానికి రోడ్లపై చల్లే కాల్షియం క్లోరైడ్ కారు అడుగుభాగంలోని నైలాన్ గొట్టాలకు తగులుతుంది కనుక వాహన పరిశ్రమ ఇందుకు ప్రత్యేక పరీక్షలు పెట్టింది. అమైడ్ బంధాలు దూరదూరంగా ఉండే నైలాన్ 12 వంటి రకాలు దీన్ని మెరుగ్గా తట్టుకుంటాయి.

రెండవది సోడియం హైపోక్లోరైట్. రసాయన వర్గీకరణలో ఇదీ లవణమే. దాని ద్రావణం క్షారగుణం కలది, పైగా బలమైన ఆక్సీకరణ కారకం. ఇంట్లో వాడే బ్లీచు ఇదే. నిర్లవణీకరణ కేంద్రాల వంటి చోట్ల సముద్రపు నీటినే విద్యుద్విశ్లేషణ చేసి దీన్ని తయారుచేసుకునే పద్ధతి ఉంది. ఉప్పునీటిని తట్టుకుంటుంది కనుక క్లోరిన్ కలిపిన ఉప్పునీటినీ తట్టుకుంటుందనుకోవడం అనేక వైఫల్యాలకు మూలం.

అమెరికాలో 1970ల చివరి నుంచి 1995 వరకు లక్షలాది ఇళ్ళలో పాలిబ్యుటిలీన్ నీటి గొట్టాలను అసిటాల్ ప్లాస్టిక్ జాయింట్లతో బిగించారు. అసిటాల్ గట్టిది, నునుపైనది, కొలత తప్పనిది. అయితే బలమైన ఆమ్లాలకు, క్లోరిన్‌కు లొంగుతుంది. తాగునీటిలో లీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాములకు మించని క్లోరిన్ ఆ జాయింట్లను, గొట్టాల లోపలి ఉపరితలాన్ని ఏళ్ళ తరబడి తింటూ వచ్చింది. గోడల లోపల నీరు కారి ఇళ్ళు పాడయ్యాయి. 1995లో కుదిరిన సామూహిక న్యాయరాజీ విలువ దాదాపు 95 కోట్ల డాలర్లు. వారం రోజుల పరీక్షలో కనబడని హాని పదేళ్ళలో ఎంత దూరం పోగలదో చెప్పడానికి ఇంతకన్న పెద్ద ఉదాహరణ దొరకదు.

నీటిని వడగట్టే పొర

నిర్లవణీకరణ కథలోనే ఈ సూత్రం మరింత స్పష్టంగా కనబడుతుంది. కువైట్ మొదట ఉప్పునీటిని మరిగించి ఆవిరిని చల్లార్చే పద్ధతులపై ఆధారపడింది. తరువాత షువైఖ్, అజ్ జౌర్, దోహాలలో రివర్స్ ఆస్మోసిస్ యూనిట్లు చేరాయి. సులైబియాలో మురుగునీటిని శుద్ధిచేసే భారీ కేంద్రమూ 2000ల మధ్య నుంచి ఇలాంటి పొరలనే వాడుతోంది.

ఈ పొరలకు దారి వేసినవారిలో భారతీయుడైన శ్రీనివాస సౌరిరాజన్ ఒకరు. 1950ల చివర కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజలిస్ ప్రాంగణంలో సిడ్నీ లోబ్‌తో కలిసి ఆయన సెల్యులోజ్ అసిటేట్‌తో ఆచరణయోగ్యమైన పొరను రూపొందించారు. ఆ పదార్థంలో ఉన్నది ఎస్టర్ బంధం. అందువల్ల కొంత క్లోరిన్‌ను ఓర్చుకునేది గాని, నీటి పీహెచ్ స్వల్ప ఆమ్లస్థితి నుంచి అటూ ఇటూ కదిలితే జలవిశ్లేషణకు గురయ్యేది. 1970లలో జాన్ కాడోట్ రూపొందించిన పాలిఅమైడ్ పొర ఆ ఇబ్బందిని తొలగించింది. నైలాన్‌కు బంధువే అయినా ఇందులో అమైడ్ బంధాల పక్కన బెంజీన్ వలయాలుంటాయి. పీహెచ్ 2 దాకా ఆమ్లంతోను, 11 దాకా క్షారంతోను కడిగినా ఇది నిలుస్తుంది.

ఆమ్ల క్షారాలపై గెలిచిన ఈ పొర క్లోరిన్ ముందు ఓడిపోయింది. క్లోరిన్ అమైడ్‌లోని నైట్రోజన్‌ను పట్టుకుని, అక్కడి నుంచి బెంజీన్ వలయంలోకి చేరుతుంది. పొర అల్లిక సడలి ఉప్పు దాటిపోతుంది. స్వేచ్ఛా క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము మించరాదని తయారీదారులు హెచ్చరిస్తారు. అందుకే నాచు కోసం నీటిలో క్లోరిన్ కలిపిన కేంద్రమే, పొరను చేరేలోగా సోడియం బైసల్ఫైట్‌తో దాన్ని తొలగించాలి. ఆ మోతాదు కొలిచే పరికరం తప్పితే, ఎన్నో ఏళ్ళు పనిచేయవలసిన పొరలు త్వరగా పనికిరాకుండా పోతాయి.

నల్గొండ ఫ్లోరైడ్ గ్రామాలలోని శుద్ధి యంత్రాలలోను, మన వంటింటి గోడకు తగిలించిన యంత్రంలోను ఉండేది సాధారణంగా ఈ పాలిఅమైడ్ పొరే. దానికి ముందుండే నల్లని కార్బన్ వడపోత ప్రధానంగా క్లోరిన్‌ను పట్టుకోవడానికి. మునిసిపల్ నీరు వచ్చే ఇంట్లో దాన్ని సకాలంలో మార్చకపోతే నీటి రుచి మారడంతో ఆగదు, వెనకనున్న ఖరీదైన పొర చెడుతుంది.

పట్టిక చెప్పనివి

రసాయన నిరోధక పట్టికను సాధారణంగా ఐఎస్ఓ 175, ఏఎస్‌టీఎమ్ డీ543 వంటి ప్రామాణిక పరీక్షల సాయంతో తయారుచేస్తారు. ప్లాస్టిక్ ముక్కను నిర్ణీతకాలం ద్రవంలో ముంచి, బరువు, కొలతలు, బలం ఎంత మారాయో చూస్తారు. ఈ పరీక్షలు చాలావరకు 23 డిగ్రీల సెల్సియస్ వద్ద జరుగుతాయి.

2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో నీడన నమోదై ప్రపంచ వాతావరణ సంస్థ ధ్రువీకరించిన ఉష్ణోగ్రత 53.9 డిగ్రీలు. ఎండ నేరుగా తగిలే మేడమీది గొట్టం గాలికన్న వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే రసాయన చర్యా వేగం దాదాపు రెట్టింపవుతుందని ఒక స్థూలమైన లెక్క ఉంది. దాని ప్రకారం 23 నుంచి 53 డిగ్రీలకు చేరినప్పుడు వేగం ఎనిమిది రెట్లవుతుంది. పట్టికలో ‘ఉత్తమం’ అని ఉన్నది హైదరాబాదు గిడ్డంగిలో నిజమై, కువైట్ మేడ మీద అబద్ధం కావచ్చు.

వేడి రసాయన చర్యను పెంచడమే కాక ప్లాస్టిక్ బలాన్నీ తగ్గిస్తుంది. 23 డిగ్రీల వద్ద 100 పాళ్ళ పీడనానికి అనుమతి ఉన్న పీవీసీ గొట్టానికి 49 డిగ్రీల వద్ద 40 పాళ్ళే అనుమతి. 60 డిగ్రీల వద్ద అది 22కు పడిపోతుంది. ఆపైన దాన్ని వాడరాదు. వేడినీటికి దాదాపు 93 డిగ్రీల వరకు పనికివచ్చే సీపీవీసీని గాని, పాలిప్రొపిలీన్ గొట్టాలను గాని వాడడానికి కారణం ఇదే.

గాఢతది మరో చిక్కు. ఆమ్లం పలచగా ఉన్నప్పుడు సాధువు, గాఢమైతే క్రూరం అన్నది చాలాసార్లు నిజం. అయితే పలచనిదే కొంత కాలానికి గాఢమవుతుందన్న సంగతి మరుస్తుంటాము. జాయింటు నుంచి బొట్లుబొట్లుగా కారిన ద్రావణంలో నీరు ఎండకు ఇగిరిపోతే, మిగిలేది అసలు దానికన్న ఎన్నో రెట్లు చిక్కనిది.

బిగువు సంగతి పట్టికలో దాదాపు ఉండదు. ముంచి పరీక్షించే ముక్క సాధారణంగా ఏ బరువూ మోయదు. నిజజీవితంలో గొట్టం వంపులో, మరలో, గట్టిగా బిగించిన జాయింటులో లోపల బిగువు ఉంటుంది. సబ్బునీరు పాలిథిలీన్‌కు ఏ హానీ చేయదని పట్టిక చెబుతుంది. కాని బిగువులో ఉన్న పాలిథిలీన్ సబ్బు, డిటర్జెంటు ద్రావణాలలో పగులుతుందని బెల్ ప్రయోగశాలల పరిశోధకులు 1951లోనే వివరించారు. సీపీవీసీ గొట్టానికి కొన్ని నూనెలు, మెత్తని పీవీసీ తీగల తొడుగులోంచి వచ్చే ప్లాస్టిసైజర్లు ఇలాగే హాని చేస్తాయి. గొట్టాన్ని విద్యుత్ తీగలకు ఆనించి కట్టరాదని, తయారీదారు ఒప్పుకోని సీలెంటును మరల మీద పూయరాదని చెప్పేది అందుకే.

ఇంట్లో, పనిచోట

ఈ విషయాలు ఇంజనీర్లకే పరిమితం కావు. ఇళ్ళు, కార్యాలయాలు శుభ్రం చేసే పనిలో ఉన్న మనవారు రోజూ ఇవే రసాయనాలను చేతబడతారు. మూసుకుపోయిన సింకులో కాస్టిక్ సోడా పలుకులు పోసే అలవాటునే చూడండి. పీవీసీ క్షారాన్ని తట్టుకుంటుంది. అయితే కాస్టిక్ నీటిలో కరిగేటప్పుడు పుట్టే వేడి నీటిని మరిగే స్థితికి తేగలదు. క్షారానికి లొంగని గొట్టం ఆ వేడికి మెత్తబడి వంగుతుంది, జాయింటు వదులవుతుంది, మరిగే క్షారం మనిషి కాళ్ళ మీద పడుతుంది. పట్టిక ఒక్కటే చూసినవారు ఈ ప్రమాదాన్ని ఊహించలేరు.

బ్లీచును ఎండలో, వేడెక్కిన కారులో ఉంచితే అది విచ్ఛిన్నమై ఆక్సిజన్ విడుదలవుతుంది. సీసా ఉబ్బుతుంది, బ్లీచు శక్తి తగ్గుతుంది. బ్లీచును మరుగుదొడ్డి కడిగే ఆమ్లంతో కలిపితే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. అమ్మోనియా ఉన్న ద్రావణంతో కలిపినా క్లోరమైన్ వాయువులు పుడతాయి. ప్లాస్టిక్ బకెట్ ఈ మిశ్రమాలన్నిటినీ చెక్కుచెదరకుండా మోస్తుంది. కిటికీ లేని స్నానాలగదిలో ఆ బకెట్ పక్కన ఉన్న మనిషి ఊపిరితిత్తులకు ఆ ఓర్పు లేదు. ఒక ద్రావణం వాడిన తరువాత పుష్కలంగా నీళ్ళు పోసి కడిగాకే రెండవది తీయాలి. ఖాళీ అయిన సీసాలో మరో రసాయనం నింపకూడదు.

గొట్టమైనా, పంపు భాగమైనా, నిల్వ డబ్బా అయినా ఎంచుకునేముందు అడగవలసినవి కొన్నే. తగిలే రసాయనం ఆమ్లమా, క్షారమా, లవణమా అన్నది ముందు తెలుసుకోవాలి. దానికి ఆక్సీకరణ గుణం కూడా ఉందేమో ఆ వెంటనే చూడాలి. అది ఎంత గాఢమైనది, ఎక్కడైనా ఇగిరి చిక్కబడుతుందా? వేసవి మధ్యాహ్నం ఆ భాగం ఎంత వేడెక్కుతుంది? దాని మీద బిగువు ఎంత? ఎన్నేళ్ళు పనిచేయాలి? చివరిగా, దాన్ని దేనితో కడుగుతారు? ఎలుకల పంజరాలను పాడుచేసింది వాటిలో పెంచిన ఎలుకలు కాదు, కడగడానికి వాడిన ద్రావణం. ఈ ప్రశ్నలకు జవాబులు రాసుకుని దుకాణానికి వెళ్ళేవారికి పట్టిక బాగా ఉపయోగపడుతుంది. ‘ప్లాస్టిక్ కదా, ఏమీ కాదు’ అనుకుని వెళ్ళేవారికి ఆ పట్టికలోని ‘ఉత్తమం’ అన్న మాట ఏ హామీ ఇవ్వదు.